దోహా నుంచి నాలుగుంపావు గంటలు

ఆ ఉదయం సుహరా బియ్యప్పిండి పత్తిరీలు వత్తుతూ పదిసార్లు గడియారం చూసింది. కూతురు ఫసీలా నిఖా మధ్యాహ్నం రెండున్నరకి. దోహాలో డ్రైవరు పనిచేసే భర్త మొయ్దీన్ ఎనిమిదింటికి విమానం ఎక్కుతానన్నాడు. నాలుగుంపావు గంటల ప్రయాణం. కరిపూర్ విమానాశ్రయంలో దిగి తిరూరులో ఇల్లు చేరడానికి మరో గంటన్నర. తండ్రే వరుడి చేయి పట్టుకుని పిల్లను అప్పగించాలని లెక్క వేసి, ఆ వేళ ఆమే కుదిర్చింది.

పదింటికి ఫోన్ మోగింది. "అరగంటలో ఎక్కుతున్నా," అన్నాడు మొయ్దీన్.

"ఇంకా ఎక్కలేదా? ఎనిమిదన్నారుగా?"

"ఎనిమిదే. ఇక్కడింకా ఏడున్నరేగా."

సుహరాకి అప్పుడు అర్థమైంది. ఇరవై రెండేళ్లుగా ఆయన ఏ వేళ చెప్పినా ఇంటి టైములోకి మార్చే చెప్పేవాడు. ఈసారి ఆనందంలో టికెట్టు మీదున్నది చదివేశాడు. దోహా రెండున్నర గంటలు వెనక. ఆయన గడప తొక్కేసరికి నాలుగుంపావు దాటుతుంది.

సుహరా మొయ్దీన్‌కి సంగతి చెప్పింది. "వాళ్లని నిలబెట్టకు. అన్నయ్యని చేయించమను," అని పెట్టేశాడు.

బావగారు బీరాన్‌కుట్టి వెంటనే సిద్ధపడిపోయాడు. "వాడే ఒప్పుకున్నాడు కదా. మగపెళ్లివాళ్లు చీకటి పడేలోగా కన్నూరు చేరాలి. రెండువందల మందిని పడిగాపులు కాయిస్తావా?"

"నేను పుట్టినప్పుడు ఉప్ప లేరు, బళ్లో వేసినప్పుడు లేరు," అంది ఫసీలా, తండ్రిని తలుచుకుని. "ఇవాళ కూడా గాల్లోనే ఉంటారా?"

"లెక్క తప్పు వేసింది మీ అమ్మ. నా మీద ఎగురుతావేం?"

ఆ మాట సుహరాకి సూటిగా తగిలింది. తప్పు తనదే. దానికి శిక్ష మాత్రం ఆ తండ్రీకూతుళ్లకి.

రెండింటికి పెళ్లివాళ్లు దిగారు. సుహరా తలమీద తట్టం ముసుగు సర్దుకుని వరుడి తల్లి ఖైరున్నీసా ముందు నిలబడింది.

"చెల్లీ, తప్పంతా నాది. ఆయన నాలుగుంపావుకి గానీ రారు. ఆగమని అడగడానికి నాకు ముఖం లేదు. అయినా అడుగుతున్నా."

"నా నిఖాకి మా నాన్న మస్కట్ నుంచి బయల్దేరాడు," అంది ఖైరున్నీసా. "మూడు గంటల దారి. మావాళ్లు ఆగలేదు. ఆయన వచ్చేసరికి నేను అత్తారింటికి వెళ్లిపోయాను. చచ్చేదాకా ఆ మాట ఎత్తలేదు, కానీ నా కళ్లలోకి చూసేవాడు కాదు." తర్వాత బయటికి వినపడేలా అంది, "ముందు భోజనాలు పెట్టండి. పిల్ల తండ్రి వచ్చాకే నిఖా."

"ఇదెక్కడి పద్ధతి?" అన్నాడు బీరాన్‌కుట్టి.

"మా ఇంటి పద్ధతి ఇవాళ్టి నుంచి ఇదే, అన్నా. మీరు బిర్యానీ సంగతి చూడండి," అంది ఖైరున్నీసా.

నాలుగైంది. నాలుగుంపావు అయింది. కారు జాడ లేదు. నలుగురైదుగురు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. సుహరా వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడిపోయింది. గడియారం వైపు చూసే ధైర్యం లేదు.

ఉన్నట్టుండి పందిట్లో సందడి, ఆ వెంటే నిశ్శబ్దం. మైకులో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"నా కూతురు ఫసీలాను..." అని ఆగిపోయిందా గొంతు.

ఇన్నేళ్లూ ఫోన్లో విన్న గొంతే. మైకులోనూ అచ్చం అలాగే, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టే ఉంది. ఫసీలాకి నమ్మకం కుదరలేదు. పెళ్లిబట్టల్లోనే వంటింటి కిటికీకి పరుగెత్తింది.

"ఉమ్మా, ఇక్కడే ఉన్నారు," అంది తల్లితో, ఏడుస్తూ. "ఉప్ప ఇక్కడే ఉన్నారు."