జానెడు లోపలి చూపు

నలభయ్యో కన్ను దిద్దడం పూర్తవగానే దిద్దుమర తనంతట తాను ఆగింది. వెలుగుజల్లెడ మార్చాలి. నూకరత్నం చేతులు కడిగి ఆరబెట్టుకుని, మర నుదుటిమీది మూత తీసి, పాత జల్లెడను పటకారుతో బయటికి లాగి పళ్ళెంలో పెట్టింది. చిటికెనవేలి గోరంత ఉంటుందది. గాజునూలు పడుగు, గాజునూలు పేక. ఒక్క కిరణం అందులోంచి దూరి తొమ్మిదివేల కిరణాలై కంటిమీద పడుతుంది. ఒక్క పోగు జరిగినా ఎవరి కంట్లోనో జీవితాంతం ఒక గీత మిగిలిపోతుంది.

కొత్తదాన్ని భూతద్దం కింద పెట్టి చూసింది. కుడివైపు కింది మూల, మూడు పోగులు కలిపి వేసిన ముడి. రత్నం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. మరలు నేసిన జల్లెడలకు ముడి ఉండదు. అవి సగానికి సగం పనికిరాక తిరిగి వెళ్ళేవి. ముడి ఉన్న జల్లెడ మాత్రం ఈ ఆరేళ్ళలో ఒక్కటీ తిరిగి వెళ్ళలేదు. ఎవరు వేస్తారో ఆమెకు తెలియదు.

జల్లెడ బిగించి, తలుపువైపు చూసి, "రండి" అంది.

నలభై ఎనిమిదేళ్ళావిడ, సోడాసీసా అడుగులాంటి కళ్ళద్దాలతో వచ్చింది. చీటీ మీద పేరు చౌడమ్మ, ఊరు కొత్త ఉప్పాడ. పాత ఉప్పాడ సముద్రంలో ఉంది.

"అద్దాలు తీసి ఇలా పడుకోండి పిన్నిగారూ. పచ్చచుక్క కనిపిస్తోందా?"

"చుక్క కాదమ్మా, చేమంతి పువ్వంత కనిపిస్తంది."

అందరి చూపునూ ఒకే సమరేఖకు తేవడం దిద్దుమర పని. అది పలికింది: "కుడి కన్ను సమరేఖకు ఏడు మెట్లు దిగువ. ఎడమ కన్ను ఏడున్నర. దిద్దుబాటు కాలం ఇరవై రెండు సెకన్లు."

"దిగువంట!" చౌడమ్మ నవ్వింది. "దిగువన కూకునే కదమ్మా మేం నేసేది. మా మగ్గం గుంటే మూడడుగులు."

దిద్దుమర కోతంతా తానే కోస్తుంది. కానీ పక్కనున్న పలకమీద మనిషి అరచెయ్యి ఆనితే తప్ప కిరణం వదలదు. ఆ చేతి ఒప్పు కోసమే రత్నం ఉద్యోగం. తల కదలకుండా ఉండడానికి మాటల్లో పెట్టడం కూడా ఆమె పనే.

"ఏం నేస్తారు పిన్నిగారూ?"

"ఇదివరకు జాందానీ. ఇప్పుడు గాజునూలండి. ఏదో మరకి పెడతారంట, ఏ మరో మాకెవరూ చెప్పలేదు."

రత్నం చెయ్యి పలకమీదికి వెళ్ళబోయి గాలిలో ఆగింది. పళ్ళెం తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. చౌడమ్మ లేచి కూర్చుని, పాత జల్లెడను ముక్కుకి జానెడు లోపుకి తెచ్చుకుంది. అద్దాలు లేవు. భూతద్దం లేదు.

"ఓసోసి, ఇది నాదే! మూల ముడి చూడు. మా అమ్మ పమిటచెంగు మూల ఇలాగే వేసేది." ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుంది. "పైనుంచి నాలుగో పోగు కాస్త వదులు. ఆ రోజు జ్వరంలే."

రత్నం జల్లెడను భూతద్దం కింద పెట్టింది. నాలుగో పోగు వెంట్రుకలో వందోవంతు వదులు, కంట్లో గీత పడేంత కాదు. ఆరేళ్ళుగా తన చేతిమీదుగా పోయిన వేల కళ్ళు ఆమెకు గుర్తొచ్చాయి.

"పిన్నిగారూ, కళ్ళు దిద్దితే దూరం బాగా కనిపిస్తుంది. దగ్గర ఇలా కనిపించదు. ఎవరైనా చెప్పారా?"

"చెప్పేదేంటి, చూశాం. మా పక్క మగ్గం నాగభూషణం పోయినేడు దిద్దించుకున్నాడు. ఇప్పుడు నడిసముద్రంలో ఓడ పేరు చదువుతాడు. పోగు మాత్రం కనపడదు. దగ్గరికి అద్దాలిచ్చారు గానీ వాటిలోంచి చూస్తే పోగు ఈదినట్టుంటాదంట. కండెలు చుడతన్నాడు పాపం." కళ్ళు తుడుచుకుంది. "ఇక గాజునూలు నేసేవాళ్ళం ముగ్గురమే మిగిలాం."

"మరెందుకు వచ్చారు?"

"సమరేఖ చీటీ లేకపోతే పై నెల నుంచి నేతశాల గేటు తెరుచుకోదంట. దిద్దించుకుంటే నెయ్యలేను. దిద్దించుకోకపోతే లోపలికి పోలేను. గుమ్మంలో ఉండైనా మగ్గం చప్పుడు వినొచ్చని వచ్చాను. కానియ్యి తల్లీ."

రత్నం ఆవిడను మళ్ళీ పడుకోబెట్టి, మరను లోచూపుకి తిప్పింది. ఇంత హ్రస్వదృష్టి ఉన్న కంట్లో వెనకతెర సాగి పలచబడుతుంది. ఎడమ కంట్లో ఒకచోట నిజంగానే పలచబడి, చిన్న చిరుగు పడింది.

"ఇది అసలు ప్రమాదం. వదిలేస్తే తెర ఊడిపోతుంది, చూపే పోతుంది. చుట్టూ కిరణంతో కాపుకుట్టు వేస్తాను. మీ దగ్గరచూపు ఇలాగే ఉంటుంది. వెయ్యమంటారా?"

"చిరుగు పెద్దదవకుండా అంచు కుట్టడమేగా? ఆయ్, వెయ్యి."

చుక్కల మందు వేసి, రత్నం అరచెయ్యి ఆనించింది. చిరుగు చుట్టూ చిన్న తెల్లని చుక్కలు మూడు వరసలు లేచాయి.

"మెరుపులుగానీ, నల్ల మసకగానీ కనిపిస్తే ఆ రోజే రావాలి. ఏటేటా చూపించుకోవాలి."

"సమరేఖ చేరలేదు," అంది దిద్దుమర. "చేతి ఒప్పు ఇవ్వండి."

రత్నం చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నిలిపివేతకు కారణం తెలపండి. జ్వరం. గర్భం. భయం."

"పిన్నిగారూ, భయం అని పెడితే ఆరునెలల చీటీ వస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. తర్వాత సంగతి తర్వాత చూడొచ్చు."

చౌడమ్మ చప్పున లేచి కూర్చుంది. "భయమని రాయకు. పద్నాలుగేళ్ళకి మగ్గం ఎక్కాను. తెగిన పోగు చీకట్లో అతికాను. ఈ కళ్ళు చూసి నేను ఎప్పుడూ భయపడలేదు. కావాలంటే చీటీ ఇవ్వకు. ఆ మాట మాత్రం నా పేరు పక్కన పెట్టకు."

రత్నం మరవైపు తిరిగింది. కారణాల కింద ఖాళీగా ఒక గీత ఉంటుంది. చేతి ఒప్పు ఉన్నవాళ్ళకు అందులో రాసే హక్కు ఉంది. ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఆమె ఊరిబడిలో నేర్చుకున్న గుండ్రని అక్షరాలతో రాసింది: లోపం లేదు. పని: వెలుగుజల్లెడ నేత.

"ఈ కారణం పట్టికలో లేదు."

"చేర్చు."

"చేరిస్తే ఇక్కడి పదకొండు గదుల్లోని మరలూ కొత్త పట్టికతో మళ్ళీ మొదలవుతాయి. మీ చేతి ఒప్పు విచారణకు వెళుతుంది."

"వెళ్ళనీ. నీ నుదుట ఉన్న జల్లెడ ఈ కళ్ళు నేసిందే."

నడవలో ఒక్కొక్క గదే పచ్చదీపం ఆరి పసుపు దీపం వెలిగింది.

"లోపం లేనివారికి చీటీ నిరాకరించే నియమం లేదు," అంది మర. సందులోంచి సమరేఖ చీటీ బయటికి వచ్చింది.

చౌడమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అక్షరం అక్షరం చదివింది. మడిచి రవికలో దోపుకుని, అద్దాలు పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "దీపాలు మారాయేంటమ్మాయ్? మరలన్నీ ఆగిపోయాయా?"

"ఆగలేదు పిన్నిగారూ. వినండి."

పక్కగదిలో దిద్దుమర ఎవరినో అడుగుతోంది. ఈ ఆరేళ్ళలో ఆ ప్రశ్న అడగడం రత్నం వినలేదు.

"మీరు చేతులతో ఏ పని చేస్తారు?"

ఒక ముసలాయన గొంతు, గర్వంగా, "నేనాండీ? పాత గడియారాలు బాగు చేస్తానండి."