వరసలో మొదటి మనిషి

"మీ తర్వాత నేనే కదండీ?"

తల తిప్పకుండానే ఆమె ఆ గొంతును గుర్తుపట్టింది. మళ్లీ ఇతనే, గడియారాలు బాగుచేసే అతను. పోయినవారం సబ్బుల దుకాణం, మొన్న దుప్పట్ల దుకాణం, ఇవాళ చెప్పుల దుకాణం. తను ఎక్కడ నిలబడితే అక్కడ వెనకాలే ఉంటున్నాడు.

ఆమె కొనడానికి రాలేదు. కొత్త దుకాణాల ముందు వరస కట్టడమే ఆమె ఉద్యోగం. ఒకరు నిలబడితే పదిమంది చేరతారని ప్రకటనల కంపెనీ లెక్క. ఎవరైనా అడిగితే సరుకు బ్రహ్మాండమని చెప్పాలి.

రోజంతా జనంలో ఉన్నా, సాయంత్రం గదికి చేరితే తాళం చప్పుడే పలకరింపు. ఈ మధ్య పేరుపెట్టి కాకపోయినా ఆప్యాయంగా పలకరిస్తున్నది ఇతనొక్కడే. నిజం తెలిస్తే ఇతనూ పోతాడు.

"దుప్పటి ఎలా ఉందండీ?" బెరుగ్గా అడిగింది.

"ఒక్క ఉతుక్కే సగమైంది. తల కప్పితే కాళ్లు బయట. సబ్బుకు నురగే లేదు. మీరు మెచ్చుకున్నారని నాలుగు కొన్నాను." నవ్వాడు. "ఈ చెప్పులు బాగుంటాయా మరి?"

అతని కాళ్లకు పాత చెప్పులు, శ్రద్ధగా కుట్టించుకున్నవి. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"కొనకండి. నేను జీతానికి నిలబడేదాన్ని. ఆ సబ్బు నేను వాడనే లేదు."

అతను తన పాత చెప్పుల వైపు చూసుకున్నాడు. వెళ్లిపోతాడనుకుంది. వెళ్లిపోయేవాళ్ల వీపులు ఎలా ఉంటాయో ఆమెకు బాగా తెలుసు.

"నాకు చెప్పులు అక్కర్లేదండీ," అన్నాడు చివరికి. "పొద్దస్తమానం కొట్లో భూతద్దం పెట్టుకుని ఒక్కణ్నే కూర్చుంటాను. వరసలో నిలబడితే ఎవరో ఒకరు మాట్లాడతారు. మొదటిరోజు అందుకే వచ్చాను. తర్వాత, కొత్త దుకాణమంటే మీరుంటారని వచ్చాను."

"దానికి నాలుగు సబ్బులు కొనాలా?"

"కొనకపోతే మాట్లాడ్డానికి సాకేదండీ?"

ఆమె వరసలోంచి బయటికొచ్చింది. ఉద్యోగం పోతుందని తెలుసు. "రండి, కాసేపు కూర్చుందాం."

రోడ్డు దాటి బస్‌స్టాప్ బల్ల మీద కూర్చున్నారు. చూస్తుండగానే వరసలోని ఇద్దరు ఆడవాళ్లు మొహమొహాలు చూసుకుని రోడ్డు దాటారు. వాళ్ల వెనక ముగ్గురు, ఆ వెనక మిగతా అందరూ. బల్ల పక్కన బుద్ధిగా కొత్త వరస కట్టారు.

"ఇక్కడేమిస్తున్నారమ్మా?" ముందు నిలబడ్డ పెద్దావిడ అడిగింది.

ఆమె గడియారాలతని వైపు చూసింది. అతను తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఒక్కటే ఉంది పెద్దమ్మా. అది నేను తీసేసుకున్నాను."