కుదించిన మధ్యాహ్నాలు

రేవు వైద్యశాల వరండాలో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఎవరూ విసుక్కోవడం లేదు, పక్కవాళ్ళతో మాట్లాడటమూ లేదు. చెవి వెనక, చర్మం కింద అమర్చిన కాలసంధాని అనే పరికరం వాళ్ళ ఎదురుచూపును కుదించేస్తోంది. పిలుపు వచ్చినప్పుడు ఒక్కొక్కరూ అప్పుడే కూర్చున్నట్టు లేచి లోపలికి వెళ్తున్నారు. పడిగాపులు పడటమంటే ఏమిటో తెలియని తరం ఒకటి కాకినాడలో అప్పటికే పెరిగి పెద్దదైంది.

విశాలాక్షి గోడగడియారాన్ని రెండు చేతులా పొదువుకుని తమ్ముడి గదిలోకి వెళ్ళింది.

ఉమాపతి మెదడులో కణితి. శస్త్రచికిత్సలో అతని కాలసంధానిని తీసేయవలసి వచ్చింది. గంటను గంటలాగే గడుపుతున్న బహుకొద్దిమందిలో అతనొకడు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో మ్యూజియంలో పాత గడియారాలు బాగుచేసేవాడు. మాట రోజురోజుకీ ముద్దయిపోతోంది. ఇంట్లో ఉన్న లోలకం గడియారం చప్పుడు వినాలని ఉందన్నాడు.

ఆమె దాన్ని మంచానికి ఎదురుగా గోడకి తగిలించి, కీ ఇచ్చి, లోలకాన్ని ఊపింది. కాసేపు ఆడి ఆగిపోయింది.

“వంకరగా ఉంది,” అన్నాడు ఉమాపతి. గడియారం సంగతి వచ్చేసరికి అతని మాటలు దారి తప్పలేదు. “పెట్టె తలుపు తియ్యి. పళ్ళచక్రం కనబడుతోందా?”

“ఆఁ.”

“లోపల స్ప్రింగు చుట్టుకుని ఉంటుంది. అడ్డు లేకపోతే ఉన్న బలమంతా ఒక్కసారే వదిలేసి ఊరుకుంటుంది. చక్రం మీద లంగరులాంటి ఉక్కుముక్క ఉంది చూడు, అది పట్టి ఆపుతుంది. లోలకం ఇటు ఊగితే ఒక పన్ను వదులుతుంది, అటు ఊగితే ఇంకోటి పట్టుకుంటుంది. వదిలినప్పుడల్లా చక్రం లోలకాన్ని కాస్త తోస్తుంది. నువ్వు వినే చప్పుడు చక్రం తిరిగే చప్పుడు కాదక్కా. ఆగే చప్పుడు.”

అతను ఆయాసం తీర్చుకున్నాడు.

“లోలకం ఊపి, పెట్టె కిందిభాగం కొంచెం కొంచెం జరుపు. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం సమానంగా రావాలి. చెవి పెట్టి విను.”

విశాలాక్షి విన్నది. ఒక చప్పుడు వినబడింది. రెండోదాని కోసం ఆగింది. మళ్ళీ చూసేసరికి గోడమీది ఎండ గుమ్మం దాకా జరిగిపోయింది, లోలకం ఆగిపోయి ఉంది, ఉమాపతి ఆమెనే చూస్తున్నాడు.

“మళ్ళీ పోయేవు,” అన్నాడు.

ఆమె బయటికి వెళ్ళి నర్సుని పిలిచింది. చెవి వెనక వేలు పెట్టి చూపించింది. “ఇది ఆపెయ్యమ్మా.”

“కష్టమండీ. రోగి పక్కన అది లేకుండా ఎవరూ కూర్చోలేరు,” అంది నర్సు. అయినా ఆపింది.

గది ఒక్కసారి ఆమె మీదికి వచ్చినట్టయింది. మందుల వాసన, తమ్ముడి ఊపిరిలో చిన్న గరగర, లోలకం కుంటి నడక. ఆమె పెట్టెను వెంట్రుకవాసి జరుపుతూ వింది. ఎడం సమానమయ్యాక ఉమాపతి కళ్ళు మూసుకుని తలూపాడు.

మధ్యాహ్నం కదల్లేదు. చాలాసేపయిందనుకుని ఆమె ముల్లు చూసింది. అది ఉన్నచోటే ఉన్నట్టుంది.

“రోజంతా నీకు ఇలాగే ఉంటుందా?”

“నువ్వుంటావు కదా. చెప్పుకుంటూనే ఉన్నాను.”

“ఏం చెప్పేవురా?”

ఉమాపతి కళ్ళు తెరిచాడు. మాటలు తడబడుతూ వచ్చాయి. “చైత్రకి చెప్పమన్నవన్నీ. దాని అమ్మా నేనూ ఎందుకు విడిపోయేమో. అది ఎవరిని తప్పు పట్టకూడదో. ఎన్ని మధ్యాహ్నాలు చెప్పేను. నువ్వు ఊఁ కొట్టేవు కదక్కా.”

అతని కూతురు చైత్ర దక్షిణధ్రువం దగ్గర నౌకలో పనిచేస్తోంది. ఒడ్డు చేరడానికి ఇంకా వారాలు పడుతుంది. అక్కడి మంచుతుఫాన్లలో మాట అందదు.

విశాలాక్షికి సంచి కింద పెట్టడం గుర్తుంది, లేచి వెళ్ళిపోవడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. ఊఁ కొట్టింది అలవాటుపడ్డ ఒళ్ళే. కదలకుండా కూర్చున్న ఒళ్ళు, నెమ్మదిగా సాగే ఊపిరి: కాలసంధానికి అదంతా ఎదురుచూపే. ఒక వానాకాలమంతా తమ్ముడి పక్కన కూర్చుని ఆమె అక్కడ లేదు.

“మళ్ళీ చెప్పరా. ఈసారి వింటాను.”

అతను ప్రయత్నించాడు. “దానికి...” అన్నాడు. తర్వాతి మాట కోసం పెదవులు చాలాసేపు వెతికాయి. కంటి చివర నీరు దిగింది.

“రావట్లేదక్కా. కూర్చో.”

ఆమె కూర్చుంది. ఆ రోజే కాదు, మిగిలిన అన్ని రోజులూ కాలసంధానిని మళ్ళీ నడిపించకుండానే కూర్చుంది. అతనికి మాట తిరిగి రాలేదు. ఒక సాయంత్రం, ఆమె చేయి పట్టుకునే పోయాడు.

చైత్ర వచ్చేసరికి కర్మలు కూడా అయిపోయాయి. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి అడిగింది. “అత్తా, నాన్న నాకేమైనా చెప్పేడా?”

“చెప్పేడమ్మా,” అంది విశాలాక్షి. “నేను పక్కనే ఉన్నాను. ఊఁ కూడా కొట్టేనట. నాకు చేరలేదు.”

చైత్ర వంగి చెప్పులు విప్పుకుంది. “ఏ రోజు చెప్పేడు?” అని మాత్రం అడిగింది.

“అదీ తెలియదు.”