ఆదివారం పూలు

గోపాల్‌పేటలో దేవమ్మ ఇంట్లో ఆదివారం పొద్దున ఎప్పుడూ హడావుడే. ఆ రోజు మాత్రం, అబ్బో, పెళ్లివారిల్లు నయం! కూతురు అఖిల వ్యవసాయంలో ఎమ్మెస్సీ చదువుతోంది. థీసిస్ బాగుందని గైడు సారు ఒప్పుకున్నట్టు శుక్రవారం తెలిసింది. దేవమ్మ ఊరుకునే మనిషా? చర్చి అయ్యగారికి, పక్కింటి రుక్కమ్మకు, దారిన పోయేవాళ్లకు కూడా చెప్పేసింది. ఈ ఆరాధనలో బిడ్డ సాక్ష్యం చెబుతుందని మాటిచ్చేసింది. దేవుడు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం వాళ్ల చర్చిలో ఆనవాయితీ. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల సాక్ష్యాలకు చప్పట్లు కొట్టిన దేవమ్మకు ఇప్పుడు తన ఇంటి వంతు వచ్చింది.

"జల్ది తయారు గా బిడ్డా. తెల్లచీర ఇస్త్రీ చేసి పెట్టిన."

అఖిల మంచం మీంచి లేవలేదు. "చర్చికి వస్త గని, సాక్ష్యం చెప్పనమ్మా."

"ఏందే? సిగ్గా? నాలుగు ముక్కలు చెప్పి కూసో."

"సిగ్గు గాదు."

గడప దగ్గర చెప్పులు తుడుచుకుంటున్న తండ్రి సాంసన్ నవ్వాడు. "పోనియ్యే. దాని బదులు నువ్వే చెప్పు. నీ చేతికి మైకు దొరికితే అయ్యగారికి గుడ మల్ల దొరకది."

"నువ్వు జర ఊకుంటవా!" దేవమ్మ కూతురి వైపు తిరిగింది. "అందరికి చెప్పిన. ఇప్పుడు నా మొఖం ఏడ పెట్టుకోవాలె? నీ కోసం ప్రతి శుక్రవారం ఉపాసముంటి. దేవుడు ఇస్తే తీసుకునుడేనా, నోరు తెరిచి చెప్పుడు లేదా? చదువు ఎక్కువైతే గిట్లనే అయితదేమో!"

అఖిల కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

"దేవుడు ఇయ్యలేదమ్మా. నేను అబద్ధమాడి తెచ్చుకున్న."

పొయ్యి మీద కుక్కర్ కూత పెట్టింది. దేవమ్మ వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది.

"నాగర్‌కర్నూల్ కాడ థీసిస్ కోసం పెట్టిన నా పల్లిచేను ఉండె గద. దినాం పొద్దున చెట్టు చెట్టుకు పూలు లెక్కవెట్టాలె. పల్లిపూలు పొద్దున పూస్తయి, ఎండెక్కి పగటీలికి వాడిపోతయి. మరునాడు చూద్దమంటే ఉండయి. శనివారం సాయంత్రమే నేను ఈడికి వస్తుంటి. ఆదివారం పూలు ఒక్కనాడు చూళ్లే. సోమవారం పోయి, శనివారం లెక్కకు సోమవారం లెక్కకు నడిమిట్ల ఏదో ఒక అంకె రాసుకుంట వచ్చిన."

"అయితే ఏమాయె?" దేవమ్మ గొంతు సన్నబడింది. "సారే బాగుందన్నడు. రెండు పూలు ఎక్కువైతే ఏంది, తక్కువైతే ఏంది? ఎవలకు తెలుస్తది?"

"నాకు తెలుసు గదమ్మా. దేవుడు చేసిండని మైకుల ఎట్ల చెప్పాలె? ఆ పూలెన్నో ఆయనకు తెలుసు."

"మరి సారుతోని ముందే చెప్పకపోయినవా బిడ్డా?" అన్నాడు సాంసన్ మెల్లగా.

"చెప్తే ఆదివారాలు ఆడనే ఉండమంటుండె. ఉంటే..." అఖిల తల్లిని చూసి తల దించుకుంది.

దేవమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. చేను పూతకొచ్చిన కొత్తలో, ఒక్క ఆదివారం రాలేనని ఈ పిల్ల ఫోన్ చేసింది. తనేమంది? "పల్లిచేను కోసం ప్రభువును ఇడిసిపెడ్తవా? రాకుంటే నాకు ఫోన్ గుడ చెయ్యకు" అంది! ఆ తర్వాత అఖిల ఒక్క ఆరాధన కూడా తప్పలేదు. బిడ్డ భక్తి చూసి తానెంత మురిసిపోయింది! పక్కన కూర్చుని పాటలు పాడిన పిల్ల మనసులో ఇంత బరువు ఉందని తల్లై ఉండీ పోల్చుకోలేకపోయింది.

దేవమ్మ మంచం మీద కూలబడి కూతురి తల ఒళ్లోకి తీసుకుంది.

"ఇప్పుడు సారుతోని చెప్తే ఏమైతది?"

"మల్లొక పంట పెట్టాలె. పీహెచ్‌డీ సీటు ఉంటదో పోతదో తెల్వదు."

"పోతే పోనియ్. చెయ్ ఫోను. నేను పక్కనే ఉంట."

అవతల సారు బాగానే కోప్పడ్డాడు. అరిచి అరిచి, చివరికి "ఇప్పటికైనా చెప్పినందుకు సంతోషం. మళ్లీ విత్తుకో" అన్నాడు. తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ రోజు చర్చిలో వాళ్లింటి సాక్ష్యం లేదు. అయ్యగారికి ఆ మాట దేవమ్మే వెళ్లి చెప్పింది.

మళ్లీ యాసంగి పంటకాలం వచ్చింది. చేను పూతకొచ్చాక మొదటి ఆదివారం పొద్దున్నే, టిఫిన్ డబ్బాతో గట్టు మీద దేవమ్మ ప్రత్యక్షం!

"ఏందమ్మా, చర్చికి పోలే?"

"సాయంత్రం కూటానికి పోత. ముందు ప్రార్థన చేసుకుని పని మొదలువెట్టు."

ఇద్దరూ చేనులోనే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. తర్వాత దేవమ్మ కొంగు బిగించి మొక్క దగ్గర వంగింది.

"గిది గుడ లెక్కకొస్తదా?"

"అది మొగ్గమ్మా. రేపు పూస్తది."

"అయితే రాయకు బిడ్డా. పూసినంకనే రాయి."

అఖిల కళ్లు తుడుచుకుంటూ నవ్వేసి, తల్లి పక్కన కూర్చుని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.