కెమెరాకు కనపడని వైపు

లీలాకుమారి మా షెడ్డులోకి వచ్చీరాగానే చేసిన మొదటి పని, తలలోంచి పిన్ను తీసి, నేను పొద్దుటినుంచీ నున్నగా సాపు చేసిన కారు తలుపులో గుచ్చడం.

పిన్ను సగం దాకా దిగిపోయింది.

"ఇదేంటండీ?" అంది.

"లప్పం. ఇంక ఆరలేదు. గట్ల గుచ్చొద్దు మేడం."

"మరి రేకేదీ?"

"ఉంటది లోపల."

ఆమె పిన్నును అటూ ఇటూ తిప్పి లాగింది. లప్పం పెచ్చుగా ఊడింది. దాని వెనక ఉండ చుట్టి కూరిన న్యూస్‌పేపరు బయటికొచ్చింది. నా కళ్ళ ముందే తీరిగ్గా విప్పి చదివింది.

"జూన్ రెండో తారీఖు. మీ రేకు మీద వార్తలు కూడా వస్తాయన్నమాట!"

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. ఐటీఐలో రెండేళ్ళు వెల్డింగ్ నేర్చుకుని, చిల్లుల్లో పేపర్లు కూరుతూ బతుకుతున్న నా మీదే.

అది తొంభై రెండో సంవత్సరం. ఫిల్మ్‌నగర్‌కు ఎక్కే దారిలో మా నాన్న బాలనర్సయ్యకు డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు ఉండేది. వచ్చేవన్నీ సినిమా బండ్లే. బండి లోపలికి రాగానే నాన్న అడిగే ప్రశ్న ఒకటే: "కెమెరా ఎటు దిక్కు?" ఏ వైపంటే ఆ వైపు అద్దంలా మెరిపించేవాడు. రెండో వైపు తుడవను కూడా తుడిచేవాడు కాదు. అందులో ఆయన్ను మించినవాడు జూబ్లీహిల్స్ మొత్తంలో లేడు.

ఈ బండి లేత నీలం రంగు స్టాండర్డ్ హెరాల్డ్. నిర్మాత త్రినాథరావుగారిది. ఆయన తీస్తున్న సినిమాలో హీరోయిన్ నడిపే కారు. సగం సీన్లు అయిపోయాయి. క్లైమాక్సులో బండరాళ్ళ మీంచి దొర్లి పేలిపోవాలి. ఎడమ వైపు మాత్రం నీలంగా మెరవాలనీ, షూటింగు పదిహేను రోజుల్లో అనీ చెప్పి పంపారు.

లీలాకుమారి ఆయన కూతురు. ఆ సినిమాకే అసిస్టెంట్ డైరెక్టరు. ఏ షాట్లో ఏ చీర, ఏ గాజులు, ఏ బండి అని రాసుకునే కంటిన్యుటీ పుస్తకం ఆమె చేతిలోనే ఉంటుంది.

"పేల్చే బండికి రేకెందుకు మేడం?" అన్నాను, పరువు కాపాడుకుందామని.

"పేల్చనివ్వను కాబట్టి."

ఆమె ఊడిన లప్పం పెచ్చును పక్కకు విసిరేసింది. 

"ఇది మా అమ్మ బండి. మద్రాసులో డబ్బింగులు చెప్పి, తన కష్టంతో కొనుక్కుంది. ఆ సముద్రపు గాలికే సగం తుప్పు పట్టింది. ఇక్కడికొచ్చాక నాన్న నడపనివ్వలేదు. ప్రొడ్యూసరు భార్య డొక్కు బండిలో తిరిగితే పరువు తక్కువట! మూడేళ్ళు గేటు పక్కన వానలో వదిలేశాడు. ఇప్పుడు ఎలాగూ పాడైంది కదా, పేల్చేద్దాం అంటున్నాడు."

"అమ్మగారు ఏమన్నరు?"

"ఏమీ అనలేదు. అదే నాకు భయంగా ఉంది." నా వైపు సూటిగా చూసింది. "బాగు చేయగలరా? నిజంగా?"

"నిజంగ అంటే?"

"పేపరు లేకుండా."

నేను చిన్న సుత్తి తీసుకుని బండి చుట్టూ తట్టుకుంటూ వెళ్ళాను. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట మొద్దుగా పలుకుతుంది. తలుపుల అడుగు పోయింది. వెనక మడ్‌గార్డులు పోయాయి. కాళ్ళు పెట్టుకునే చోట చాప ఎత్తి చూస్తే కింద నేల కనపడింది.

"ఛాసిస్ గట్టిగుంది," అన్నాను. "మిగతాది కోసి పారేసి కొత్త రేకు అతకాలె. తుప్పును కప్పెడితే పోదు మేడం. తెల్ల రేకు తేలేదాక కొయ్యాల్సిందే."

"నాన్న ల్యాబ్ పని మీద మద్రాసు వెళ్ళాడు. పద్నాలుగు రోజుల దాకా రాడు. కొయ్యండి."

ఆర్డర్ వేసినట్టు చెప్పింది. నచ్చింది నాకు.

మా నాన్నకు మాత్రం నచ్చలేదు. నేను గ్యాస్ వెలిగించి తలుపు అడుగు కోస్తుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏందిరా బ్రమ్మం గిది? పేలిపోయే బండికి సంసారపు పని చేస్తున్నవ్?"

"పేలది నాయినా."

"ఎవలు చెప్పిన్రు?"

"నేను చెప్తున్న."

"త్రినాథరావు సారు రేపటి సంది మనకు బండ్లు పంపకుంటే?"

"పంపకుంటే మానె. ఒక్క బండన్న రెండు దిక్కులా చేసి చూస్త!"

నాన్న నన్ను కిందా మీదా చూసి, టీ తాగడానికి పోయాడు. నాన్నకు నేను అలా ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

లీల రోజూ సాయంత్రం వచ్చేది. రెండో రోజుకే పేరు అడిగింది. పరబ్రహ్మం అని చెప్తే పది నిమిషాలు నవ్వింది.

"పరబ్రహ్మంగారూ, ఈ చిల్లు పూడుస్తారా లేక సృష్టి రహస్యమని వదిలేస్తారా?"

"మీరు గా సాన్‌పేపర్ పట్టుకోండి ముందు. మాటలతోని తుప్పు రాలదు."

పట్టుకుంది. రెండు గంటలు రుద్దింది. మర్నాడు చేతులకు పట్టీలు కట్టుకుని వచ్చి మళ్ళీ రుద్దింది. నిర్మాత కూతురు నాలుగు నిమిషాల్లో విసుగెత్తి వెళ్ళిపోతుందని నేను అనుకున్న మాట నిజమే. అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

పాత ఆయిల్ డ్రమ్ము కోసి రేకులు తీశాను. ఒకేసారి అతికితే వేడికి రేకు వంకర పోతుంది. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క వెల్డింగు పెట్టి, తడిగుడ్డ వేస్తూ పోవాలి. ఆ తడిగుడ్డ వేసే పని లీలది.

"అసలు తలుపులే ఎందుకు తుప్పు పట్టాయి?" అని అడిగింది ఒకరోజు.

"గిటు చూడుండ్రి. తలుపు అడుగున చిల్లులుంటయి, వాననీళ్ళు కారిపోనీకి. ఎవడో రంగు పూసేటోడు నున్నగ కనపడాలని వాటిని మూసిండు. నీళ్ళు లోపల్నే ఉండిపోయినయి."

ఆమె వంగి ఆ చిల్లులను వేలితో తడిమింది. "మా అమ్మ సంగతీ ఇంతే," అంది మెల్లగా.

నేను ఆ మూసిన చిల్లులన్నీ ఒక్కొక్కటిగా మేకుతో తెరిచాను.

వాన మొదలైంది ఆ వారంలోనే. రేకుల కప్పు మీద హోరు. ఇద్దరం బండి కింద పడుకుని అడుగుకు తారు పూస్తున్నాం. లీల "అబ్బా" అని కళ్ళు మూసుకుంది. తుప్పు రజను కంట్లో పడింది.

"నలపొద్దు! నలపొద్దు! జర ఆగుండ్రి."

బయటికి లాగి, మగ్గుతో నీళ్ళు తెచ్చి కన్ను కడిగాను. ఎర్రబడిన కన్నుతో నన్ను చూసింది. అంత దగ్గర్నుంచి ఎవరూ నన్ను అలా చూడలేదు.

"ఇంకా ఉందా?" అంది.

"లేదు."

"మరి చెయ్యి తియ్యవేం?"

తీశాను. ఆమె మాటలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని మోతీనగర్‌లో మా ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు. నేను లీలను ప్రేమిస్తున్నాననీ అప్పుడే తెలిసింది. నిర్మాత కూతురికీ డెంటరు కొడుక్కీ ఏమిటి అని బుర్ర అడిగింది. ఎందుకు కాకూడదు అని నేనూ గట్టిగానే అడిగాను.

పదకొండో రోజుకు తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడు పూత పూర్తయింది. రంగు వెయ్యాలి.

"నీలమేనా?" అన్నాను.

లీల నవ్వింది. ఆ నవ్వులో భయం లేదు. "నీలం వేస్తే నాన్న తీసుకుపోతాడు. పసుపు వెయ్యి. నీలం కారు దొర్లుతూ దొర్లుతూ పసుపు కాదు కదా! కంటిన్యుటీ పుస్తకం నాది. నేనే చెడగొడతా."

"మీ నాయిన నిన్ను సినిమాల నుంచి తీసేస్తడు."

"తియ్యనీ. అమ్మ బండి మాత్రం పేలదు."

ఆమె అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. ఆమె ఉద్యోగం పోకూడదు, బండీ పోకూడదు. ఆ రాత్రి నాన్నకు అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను.

"ఎర్రగడ్డ తుక్కు దుకాణంల ఇసోంటిదే హెరాల్డ్ పడి ఉండె," అన్నాడాయన మీసం దువ్వుతూ. "ఇంజన్ లేదు, ఏం లేదు. ఒక్క దిక్కు జర బాగుంది."

ఆ తుక్కు బండి దొరుకుతుందో లేదో తెలియక లీలకు చెప్పలేదు. మర్నాటి నుంచి ఆమె రాలేదు. తండ్రి తిరిగొచ్చేలోపు స్క్రిప్టు కాపీలు సరిచూసే పనిలో ఉంది. నేను పసుపు బండికి తుది మెరుగులు దిద్దుతుంటే, నాన్న తుక్కు బండిని కొని తెచ్చి, దాని ముందు కూర్చుని తన విద్య మొత్తం చూపించాడు.

పద్నాలుగో రోజు పొద్దున్న తాళం కోసం లీల ఇంటికి ఫోన్ చేశాను. వాళ్ళమ్మ పుష్పవల్లిగారు తీశారు.

"బండి నడుస్తుందా బాబూ?"

"నడుస్తదమ్మా. షూటింగుల నడిచిందే గద."

"తాళం నా దగ్గరే ఉంది. నేనే తెస్తాను."

ఆటోలో వచ్చారు. టార్పాలిన్ వెనక నిలిపిన పసుపు బండి చూసి బానెట్ మీద చెయ్యి వేశారు. తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకున్నారు. నేను పక్కకు వచ్చేశాను.

పదింటికి త్రినాథరావుగారి అంబాసిడర్ వచ్చి ఆగింది. ఆయన, వెనకాలే లీల దిగారు. ఎదురుగా నీలం హెరాల్డ్ ఎండలో ధగధగా మెరుస్తోంది.

"శభాష్ బాలనర్సయ్యా!" అన్నారాయన.

లీల ముఖం పాలిపోయింది. నా వైపు చూసిన చూపులో అసహ్యం ఒక్కటే తక్కువ. అది కూడా వస్తోంది.

"మళ్ళీ నీలం వేశావా? నాన్న పేరు వినగానే కాళ్ళు వణికాయా నీకు?"

"చుట్టూ తిరిగి చూడు," అన్నాను.

తండ్రీ కూతురూ తిరిగారు. అవతలి వైపు తలుపులు లేవు. సీట్లు లేవు. బండి అడుగున పేరుకున్న మట్టిలో గడ్డి మొలిచి ఉంది.

"ఇదేంటయ్యా! నా బండేదీ?"

నాన్న టార్పాలిన్ లాగాడు. పసుపు హెరాల్డ్ చూసి త్రినాథరావుగారు అరవడం మొదలుపెట్టారు. 

"ఎవడు వెయ్యమన్నాడు ఈ రంగు? కంటిన్యుటీ ఏం కాను? ఎవడు?"

"నేనే," అంది లీల.

"నేనే సార్," అన్నాను.

"నువ్వు నోరు ముయ్యి, చెప్పింది నేను!" అంది లీల నాతో.

"వేసింది నేను గద!"

హారన్ మోగింది. గట్టిగా, పొడుగ్గా. అందరం తిరిగాం. త్రినాథరావుగారు తన భార్యను అప్పుడు చూశారు.

"బండి ఎవరి పేరున ఉందండీ?" అన్నారు పుష్పవల్లిగారు కిటికీలోంచి. నిదానమైన, స్పష్టమైన డబ్బింగ్ గొంతు. "నా పేరున. పేల్చేముందు నన్నొక్క మాట అడగాలని తోచిందా మీకు?"

ఆయన అటూ ఇటూ చూశారు. నాన్న మెల్లగా అందుకున్నాడు. "షాట్ ఆగదు సార్. పేల్చేదానికి గా నీలం డొక్కు చాలు. కెమెరాకు గంతే కనపడ్తది."

త్రినాథరావుగారు నీలం బండిని ఎడమ వైపు నుంచి ఇంకోసారి చూసుకున్నారు. కోపం సగం దిగింది. మిగిలిన సగం నా మీదికి తిప్పారు.

"ఇంత చేశావు, మళ్ళీ తుప్పు పట్టదని గ్యారంటీ ఇస్తావా?"

ఇస్తానంటే అక్కడితో అయిపోయేది. ఈ బండి దగ్గర మాత్రం అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"ఇయ్యను సార్. తుప్పుకు గ్యారంటీ ఎవడిచ్చినా నమ్మొద్దు. ఏటా వానలకు ముందు కిందికి దూరి చూడాలె. పొక్కు కనపడంగనే గీకి రంగెయ్యాలె. బండి ఉన్నన్నాళ్ళు ఉంటది గా పని."

"ఉన్నన్నాళ్ళూ ఎవడు చేస్తాడయ్యా?"

"నేను చేస్త."

"ఏటా మా ఇంటికొస్తావా?"

"రానక్కర్లేదు నాన్నా," అంది లీల. "అతను మనింట్లోనే ఉంటాడు. కుదరదంటే నేనే మోతీనగర్ వెళ్తా. ఏదో ఒకటి నువ్వే చెప్పు."

 మా నాన్న చేతిలోని టార్పాలిన్ జారిపోయింది.

"అతన్ని అడిగావా?" అన్నారు త్రినాథరావుగారు చివరికి.

లీల నా వైపు తిరిగింది. ఇంతసేపూ తండ్రికి ఎదురు నిలిచిన మనిషి ఇప్పుడు దిక్కులు చూస్తోంది. "లేదు. అడుగుతున్నా. ఏమంటావు?"

"వారం రోజుల సంది చెప్దామనుకుంటున్న," అన్నాను. "నీ అంత ధైర్యం నాకు లేకపాయె. నువ్వంటే నాకు ప్రాణం లీలా. సార్ ఒప్పుకున్నా, ఒప్పుకోకున్నా."

త్రినాథరావుగారు ఏదో అనబోయారు. పుష్పవల్లిగారు ఇంజను స్టార్ట్ చేశారు. మొదటిసారికే అందుకుంది. ఆవిడ వంగి, పక్క తలుపు లోపలి నుంచి తెరిచారు.

"రండి, ముందు కూర్చోండి," అన్నారు భర్తతో. "పిల్లలిద్దరూ వెనక కూర్చుంటారు."

ఆయన ఆ మాట విన్నారు. విని, వెనక సీటు వైపు ఒకసారి చూశారు. తర్వాత పంచె కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, భార్య పక్కన ఎక్కి కూర్చున్నారు.