మాయావిని భాష నేర్చిన కురంగి

వింధ్యకు దక్షిణాన శోణపురం అనే రాజ్యం ఉండేది. ఒక వేసవిలో అక్కడి బావులన్నీ ఉన్నట్టుండి ఎండిపోయాయి. అంతకు ముందురోజే ధవళద్వీపం నుంచి ఓడలో వచ్చిన ఒక వృద్ధురాలు రాజసభలో నిలబడి ఏదో అడిగింది. ఆ వింత భాష విని సభంతా పగలబడి నవ్వింది. ఆమె చేతికర్రను నేలకు తాటించి అడవిలోకి వెళ్ళిపోయింది. ఆమె మాయావిని అని మర్నాడు గాని ఎవరికీ తెలియలేదు.

మాయావినిని పట్టి తెమ్మని రాజు విక్రమకేతుడు పంపిన సైనికులు దెబ్బలు తిని వెనక్కి వచ్చారు. మాయావిని గుహకు కాపలా ఉన్న రెక్కల సింహం ఆమె భాషలోనే ఏదో ప్రశ్న వేస్తుందట. అర్థం కాక నిలబడితే విసిరికొడుతుందట. ఇక రాజు కూడా చేతులెత్తేశాడు. దూరాన ఒక చెలమలో ఊరే బురదనీళ్ళే జనానికి దిక్కయ్యాయి.

తాళ్ళు పేనే గోపన్న కూతురు కురంగి. ఆమె అక్కకు చనుబాలు ఇంకిపోయాయి. ఒళ్ళో పసిబిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు. చూస్తూ కూర్చోలేక కురంగి అడవిదారి పట్టింది.

దారిలో శంఖపాదుడనే ముని కనిపించాడు. ఆమె మాట విని నిట్టూర్చాడు.

"ఆ భాషలో మాటలు కొన్ని తెలుసు తల్లీ. వాటిని కలిపి మాట్లాడడం నాకూ చేతకాదు."

కురంగి ఆ మాటలన్నీ కంఠస్థం చేసి గుహ చేరింది. సింహం ప్రశ్న వేసింది. ఆమె, "నీళ్ళు... రాయి... దయ..." అంది. సింహం రెక్క విసిరింది. కురంగి ముళ్ళపొదలో పడింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ పడింది. చివరికి లేచే శక్తి లేక, ఇంటికి ఏ ముఖంతో వెళ్ళాలో తోచక అక్కడే ఏడుస్తూ కూర్చుంది.

సింహం చాలాసేపు ఆమెను చూసింది. తర్వాత దగ్గరగా వచ్చి పడుకుని, నెమ్మదిగా ఒక చిన్న కథ చెప్పింది. కురంగికి 'నక్క' అన్న ఒక్క మాట తెలిసింది. సింహం మళ్ళీ చెప్పింది, పంజాతో ఇసుకలో బొమ్మ గీసింది. "నక్క ఎందుకు పారిపోయింది?" అని అడిగింది. జవాబు తెలిసినా నోరు పెగలక కురంగి తల వంచుకుంది.

రోజుకో కథ, కథకో ప్రశ్న. అర్థమయ్యేది కొంచెం పెరిగింది గాని నాలుక మాత్రం కదల్లేదు. అక్కడ బిడ్డ ఉందో పోయిందో అని ఆమె రోజూ ఊరి వైపు చూసేది.

ఒకనాడు సింహం ఒక జాలరి కథ చెప్పింది. వలలో పడిన చేప తన పిల్లల కోసం ఏడిస్తే అతడు వదిలేశాడు. ఆ పూట అతడి పిల్లలు పస్తున్నారు.

"వాడు మూర్ఖుడు," అంది సింహం.

"కాదు," అంది కురంగి. "మూర్ఖుడు కాదు వాడు. ఏడ్చు లోపల. రెండు వైపులా పిల్లలు. ఏం చేయు వాడు?"

ఆ భాషలో తాను మాట్లాడానని ఆమెకు ఆలస్యంగా తెలిసింది.

"ఏడ్చు కాదు, ఏడ్చాడు," అని సరిదిద్ది సింహం దారి వదిలింది.

గుహలో ఎండిన గుంట పక్కన మాయావిని కూర్చుని ఉంది. కురంగి చేతులు జోడించింది.

"అవ్వా, నా మాట తప్పులు. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు సభలో మీరు ఏం అడిగారు?"

వృద్ధురాలు నవ్వలేదు.

"ఎండలో నడిచి వచ్చాను. తాగడానికి నీళ్ళు అడిగాను."

కురంగి మాయావిని చెయ్యి పట్టుకుంది. "మా ఇంటికి రండి, ఇస్తాను," అంది.

ఇద్దరూ శోణపురం చేరారు. కురంగి అడగగానే అక్క ఒక్కసారి బిడ్డ వైపు చూసుకుని, ముంతలో మిగిలిన గుక్కెడు నీళ్ళను అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ వాటిలో వేలు ముంచి బిడ్డ పెదవులు తడిపింది. అదే క్షణాన వీధి చివరి బావిలో నీళ్ళు పొంగిన చప్పుడు వినిపించింది.

విక్రమకేతుడు కాలినడకన వచ్చి క్షమాపణ కోరాడు. ఆ మాట కురంగి అవ్వకు ఆమె భాషలో చెప్పింది. ఆనాటి నుంచి పరదేశం వాళ్ళు ఎవరొచ్చినా వాళ్ళ మాట వినడానికి రాజు పక్కన కురంగి కూర్చునేది. అవ్వ కురంగి ఇంట్లోనే ఉండిపోయి, పసిదానికి రెండు భాషల్లోనూ కథలు చెబుతూ సుఖంగా కాలం గడిపింది.