టైరులో ఇరుక్కున్న రాయి

టోపీ దొరికి ఇరవై నాలుగు గంటలైంది. మనిషి దొరకలేదు.

గురువారం ఉదయం 7:40. క్వారీ గుంటలోంచి గజ ఈతగాళ్లు రెండోరోజూ ఉత్త చేతులతోనే పైకి వచ్చారు.

టోపీ ఒక జియాలజిస్టుది. మంగళవారం ఫీల్డ్‌కని బయల్దేరి ఇంటికి చేరలేదు. ఆయన్ని జీప్‌లో తీసుకెళ్లింది బావమరిది. అతనూ జియాలజిస్టే. ఇద్దరిదీ ఒకే ఆఫీసు.

ఇన్‌స్పెక్టర్ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. కుదురుగా నిలబడటం ఆయన ఒంట్లో లేదు. స్టేషన్‌లో అందరూ చాటుగా "బొంగరం" అనేది అందుకే.

"మళ్లీ చెప్పండి. మంగళవారం ఏం జరిగింది?"

"ఎన్నిసార్లు సార్?" బావమరిది కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఎనిమిదిన్నరకి షాపులో నాలుగు టైర్లూ కొత్తవి వేయించాం. అక్కణ్ణుంచి నేరుగా ఇక్కడికే. పదీ ఇరవైకి బావని దింపాను. ఇంటికెళ్లిపోయాను."

"మధ్యలో ఎక్కడైనా ఆగారా?"

"లేదు."

"తర్వాత జీప్ బయటికి తీశారా?"

"లేదు. కడిగి షెడ్‌లో పెట్టేశా."

"కడగడం దేనికి?"

"దుమ్ము సార్."

9:05. ఇన్‌స్పెక్టర్ అతని ఇంటి షెడ్‌లో ఉన్నాడు. జీప్ అద్దంలా మెరుస్తోంది. ఎంత దూరం తిరిగిందో చెప్పే మీటరు ఎప్పుడో పాడైంది. సీట్ల కింద ఇసుక రేణువు కూడా లేదు.

ఆయన నేలమీద బోర్లా పడుకున్నాడు. వెనక ఎడమ టైరు. కొత్త రబ్బరు గాడిలో బొటనవేలి గోరంత రాయి ముక్క ఇరుక్కుని ఉంది.

"నల్లరాయి సార్," అన్నాడు కానిస్టేబుల్ పెదవి విరుస్తూ. "క్వారీలో ఎటుచూసినా ఇదే."

"కావచ్చు. కవర్‌లో వేసి సీలు వెయ్."

ఊళ్లో రాళ్ల వయసు తేల్చే ల్యాబ్ ఒక్కటే ఉంది. దాన్ని నడిపేది తప్పిపోయినాయన భార్య. బావమరిదికి సొంత అక్క. రెండు రోజులుగా ఇంట్లో ఉండలేక ల్యాబ్‌లోనే కూర్చుంటోంది.

"మేడమ్, దీని వయసు కావాలి. ఎక్కడిదని మాత్రం అడక్కండి."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "ఆయన ఆచూకీ తెలుస్తుందా?"

"తెలియొచ్చు."

"రేపు మధ్యాహ్నం దాకా పడుతుంది."

"ఇంకా ముందు కాదా?"

"తొందరపెడితే మీకు నంబరొస్తుంది సార్, నిజం రాదు." ముక్కను లెన్స్ కింద పెట్టింది. "ఇలాంటి రాయి చల్లారి గట్టిపడినప్పటి నుంచి లోపల గడియారం నడుస్తూనే ఉంటుంది. పొటాషియంలో ఒక రకం కొద్దికొద్దిగా మారిపోతుంది. నూట పాతిక కోట్ల ఏళ్లకి సగం అయిపోతుంది. అందులో కొంత ఆర్గాన్ గ్యాస్‌గా మారి రాతిలోనే చిక్కుకుంటుంది. రాయిని కరిగించి ఆ గ్యాస్ ఎంతుందో కొలుస్తాం. మిగిలిన పొటాషియం ఎంతో చూస్తాం. లెక్క కడితే వయసు."

ఆ రోజంతా ఇన్‌స్పెక్టర్ తిరుగుతూనే ఉన్నాడు. క్వారీకి వెళ్లాడు. వచ్చాడు. ల్యాబ్‌కి ఐదుసార్లు ఫోన్ చేశాడు. ఆరోసారి ఆమె ఎత్తలేదు. ఒక మనిషి ఎక్కడో ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంటే? తను తప్పు గుంటలో వెతికిస్తూ ఉంటే? ఆ రాయి ఎవరి జీప్‌దో ఆమెకు చెప్పకపోవడం మోసమా, జాగ్రత్తా? ఎటూ తేలలేదు.

శుక్రవారం 3:15. మిషన్ కాగితం ఉమ్మింది.

"ఆరున్నర కోట్ల ఏళ్లు. అటూ ఇటూ ఓ పది లక్షలు."

"క్వారీ రాయి?"

"నూట ఎనభై కోట్లు. నేనే కొలిచాను." ఆమె కాగితం మళ్లీ చూసింది. "ఇది క్వారీది కాదు సార్. ఈ చుట్టుపక్కల ఇంత చిన్న వయసు నల్లరాయి పడమటి లావా కొండ మీద తప్ప ఎక్కడా లేదు."

"అక్కడ మనిషి పడిపోయేంత గొయ్యి ఏదైనా ఉందా?"

"వదిలేసిన పాత గని ఉంది. దాని గొయ్యి పూడ్చలేదు."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోన్‌లో అరుస్తున్నాడు. తాళ్లు, అంబులెన్స్, రెస్క్యూ టీమ్. తర్వాత తలుపు తీసి, బయట బెంచీ మీద కూర్చోబెట్టిన బావమరిదిని లోపలికి పిలిచాడు.

"మంగళవారం పడమటి కొండకి ఎందుకెళ్లారు?"

"వెళ్లలేదు సార్."

"మీ టైరులో ఆ కొండ రాయి ఉంది."

ఆమె కాగితంలోంచి తలెత్తి తమ్ముడి వైపు చూసింది.

"ఎప్పుడో ఇరుక్కుని ఉంటుంది," అన్నాడతను.

"ఎప్పుడు? ఆ టైర్లు షాపులోంచి వచ్చిందే మంగళవారం ఎనిమిదిన్నరకి. ఆ తర్వాత మీరు వెళ్లింది క్వారీకే అన్నారు. జీప్ మళ్లీ తీయలేదన్నారు. సంతకం పెట్టిన స్టేట్‌మెంట్ ఉంది."

అక్క దగ్గరికొచ్చింది.

"నా వైపు చూడరా."

చూడలేదు.

"ఆ కొండ గురించి ఆఫీసుకి నేనిచ్చిన రిపోర్ట్‌లోని రాళ్లు అక్కడివి కావక్కా," అన్నాడు నేలకేసి చూస్తూ. "ఎండలో ఎక్కలేక వేరేచోట ఏరి, కొండవని లేబుళ్లు అంటించా. బావ పసిగట్టాడు. కొండమీదే తేల్చుకుందాం పద అన్నాడు. అక్కడ గని అంచున కాలు జారాడు. నేను తోయలేదు, ఒట్టు."

"బతికే ఉన్నారా?" అందామె.

"కింద నుంచి పిలిచాడు."

ఆమె చెయ్యి లేచింది. కొట్టలేదు. గోడ పట్టుకుంది.

"టోపీ?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"అంచు దగ్గర పడి ఉంది. తెచ్చి క్వారీలో పారేశా."

5:50. పడమటి కొండ. ఎండ ఇంకా చురుక్కుమంటోంది. స్ట్రెచర్ పైకి వచ్చింది. కుడికాలు విరిగి వాచిపోయింది. గోడ వెంట ఊరిన నీటి చెమ్మతో మూడు రోజులు నెట్టుకొచ్చిన పెదవులు పగిలి నల్లబడ్డాయి.

భార్య పక్కన మోకరిల్లి నీళ్ల సీసా అందించింది. ఆయన దాన్ని పక్కకు నెట్టాడు. ఆమె వెనక ఎవరికోసమో ఆత్రంగా చూస్తున్నాడు.

"నా సంగతి సరే. మీ తమ్ముడేడీ? తాడు తెస్తా బావా, కదలకుండా ఉండు అని పరిగెత్తాడు. మళ్లీ రాలేదు." ఊపిరి అందక ఆగాడు. "దారిలో వాడికేదో అయుంటుంది. సార్... ముందు వాణ్ణి వెతికించండి."

ఇన్‌స్పెక్టర్ తల తిప్పుకున్నాడు.

ఆమె భర్త తల కింద చెయ్యి పెట్టి, సీసాని మళ్లీ ఆయన పెదవులకు ఆనించింది.

"తాగండి," అంది. "వాడు దొరికాడు."